వెనకసీటులో మనిషి

ఫోను గుంటూరు నుంచి, తేజశ్రీ పుట్టింటివాళ్లు. "మా మారుతి మీకే ఇస్తున్నాం, వచ్చి తీసుకెళ్లండి." తేజశ్రీ రిసీవరు పెట్టడం కూడా మరిచి గంతులేసింది. పెళ్లయి నలభై రోజులు. రేపు ఆదివారం వాడరేవు, సముద్రం, ఇద్దరే!

మధ్యాహ్నానికి భర్త చైతన్యకృష్ణ కారు తెచ్చి మిరపకాయలు ఆరబోసిన కల్లం పక్కన ఆపాడు. వెనక తలుపు అద్దాలకు లోపల అంటించిన నల్ల ఫిల్మ్ బుడగలు లేచి ఊదారంగుకు తిరిగింది.

"పీకేద్దామండీ. సముద్రం కనపడొద్దూ!"

ఫిల్మ్ ఊడింది గాని జిగురు వదల్లేదు. పాత పేపరు సబ్బునీళ్లలో తడిపి అంటిస్తే నానుతుందని మెకానిక్ గౌస్ బాషా చెప్పాడు. మామగారు చెంచురామయ్య పరుపు కింద ఓ పేపరు దొరికింది. ఆయన మూడు నెలలుగా అన్నం కూడా నిలబడే తింటున్నాడు.

సందె వేళకు తేజశ్రీ పేపరు సగం ఒలిచి, నీళ్లకు వెళ్లింది. అప్పుడే అటు వచ్చిన అత్తగారు పున్నమ్మ ఆగిపోయింది. వెనకసీటులో మీసాల మనిషి. రెప్ప వేయడు. మెడ చుట్టూ ఎర్రటి గీత.

"ఎవరయ్యా? దిగు!"

తలుపు తీస్తే సీటు ఖాళీ. మూస్తే మళ్లీ ఉన్నాడు.

"ఉరేసుకున్నోడేమో వదినా, మెడ చూడు!" అంది పక్కింటి జైతున్‌బీ.

పున్నమ్మ ఎండుమిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేసింది. నెల్లాళ్లుగా కల్లంలో ఆ ఘాటే పీలుస్తున్నవాళ్లలో ఒక్కరూ దగ్గలేదు.

"చూశారా, దగ్గే రాలా! గట్టిగా పట్టింది. ఒరేయ్, తెల్లారగానే బండి ఇచ్చేసి రా!"

తేజశ్రీకి సముద్రం వెనక్కి వెళ్లిపోతున్నట్టు అనిపించింది. ఏడుపు దిగమింగుకుని కారెక్కి మిగిలిన పేపరు ఒక్క గుంజు గుంజింది. ముఖం కింద, జిగురు మీద దిగిన అక్షరాలు బయటికి స్పష్టంగా కనిపించాయి: 'మొలలకు కోత లేని వైద్యం. ప్రతి ఆదివారం, చీరాల.'

స్తంభం పట్టుకు నిలబడ్డ చెంచురామయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఆ పేపరు నేనే దాచా. డాక్టరు ఫొటో కింది ప్రకటన చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రంగా గీసిందీ నేనే."

"కూర్చోకుండా తిరుగుతుంటే పొలం మీద శ్రద్ధనుకున్నా గదయ్యా!" నెత్తి కొట్టుకుంది పున్నమ్మ. "బండి ఎక్కడికీ పోదు. రేప్పొద్దున్నే నలుగురం చీరాల. ఈయన సంగతి చూపించుకున్నాక సముద్రం చూద్దురుగాని."

మీసాల అయిదోవాడు అప్పటికే వెనకసీటు ఎక్కి కూర్చున్నాడు.