ఇంటి అలసట ఎవరి పేరున

ఆ పట్నంలో ఇంట్లో ఎవరు నడిచినా, పరిగెత్తినా, బరువులెత్తినా, అలసట మాత్రం గ్యాసు కనెక్షను ఎవరి పేరున ఉందో వాళ్ళకే వస్తుంది. ఇది ఎప్పుడు మొదలైందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. మనిషి మనిషికీ విడిగా అలసట ఇవ్వడం తమ వల్ల కాదనీ, ఇంటికొక కనెక్షను చాలుననీ, గ్యాసు ఎలాగూ ఆడవాళ్ళ పేరునే ఉంది కాబట్టి కొత్తగా పేర్లు రాసుకునే బాధ తప్పిందనీ మునిసిపాలిటీ వాళ్ళు అప్పట్లో ఆటోకి మైకు కట్టి చెప్పించారు. జనం గుమ్మాల్లో నిలబడి విన్నారు. ఆటో సందు తిరిగాక ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

భ్రమరాంబ ఇంట్లో కనెక్షను ఆవిడ పేరునే ఉంది. భర్త భీమశంకరం నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కుర్చీ దిగిన మనిషి కాదు కాబట్టి ఆవిడకి పెద్ద ఇబ్బంది తెలియలేదు. రిటైరయ్యాక ఎక్కడో ఆరోగ్యం మీద ఉపన్యాసం విని, వచ్చేటప్పుడు బూట్లు కొనుక్కొచ్చాడు. అక్కణ్ణించి ఆవిడ పని అయిపోయింది.

రోజూ తెల్లవారుతూనే ఆయన పార్కు దగ్గర బయలుదేరి, కాలవగట్టెక్కి, లాకుల దాకా వెళ్ళి వస్తాడు. మంచం మీదున్న భ్రమరాంబకి ఎడమ మడమ పోటు పెట్టిందంటే ఆయన గట్టు మీద కంకర తొక్కుతున్నాడని అర్థం. మోకాళ్ళు పట్టేశాయంటే లాకుల మెట్లెక్కుతున్నట్టు. అప్పుడావిడ గోడ పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద రాగిజావ పెడుతుంది. ఆయన గుమ్మంలో బూట్లు విప్పే వేళకి జావ గ్లాసులో సిద్ధంగా ఉంటుంది.

"చూశావా, మనం టైముకి లేస్తే అన్నీ టైముకి జరుగుతాయి" అంటాడాయన జావ ఊదుకుంటూ. "ఒళ్ళు దూదిపింజలా ఉందే. నువ్వూ కాస్త నడవొచ్చు కదా? ఎప్పుడు చూసినా ఆ మంచం. అంతా మనసులో ఉంటుంది."

నడకతో ఆగితే బాగానే ఉండేది. బియ్యం మానేసి కొర్రలూ సామలూ మొదలుపెట్టాడు. ఆయన ఒక్కో ముద్దా ముప్పావుగంట నములుతుంటే ఆవిడ దవడలు లాగేసేవి. తర్వాత రాత్రి భోజనం మానేశాడు. దాని నీరసం కూడా అలసట కిందే లెక్కని మునిసిపాలిటీ నిర్ణయం. అంచేత భ్రమరాంబ కడుపునిండా అన్నం తిని, కళ్ళు తిరిగి గోడకి జారగిలబడేది. కొడుకు ఫణీంద్ర జిమ్ములో చేరాడు. ఆ నెలలో ఆవిడ కుక్కరు దింపలేక రెండుసార్లు పప్పు ఒలకబోసింది. "అమ్మకి ఈ మధ్య చేతుల్లో పట్టు లేదు" అని కొడుకు నిజంగానే బాధపడ్డాడు. ప్రేమ లేనివాడు కాదు.

నడక సంఘం వాళ్ళు భీమశంకరాన్ని కార్యదర్శిని చేసి శాలువా కప్పారు. "ఈ వయసులో కూడా అలసటంటే ఏమిటో నేనెరగను" అని ఆయన వేదిక మీంచి చెప్పగానే హాలు చప్పట్లతో మారుమోగింది. ఆడవాళ్ళ వరసల్లో కూర్చున్నవాళ్ళు కూడా కొట్టారు, కాకపోతే చేతులు ఒళ్ళోంచి ఎత్తకుండా కొట్టారు.

ఇంతలో భ్రమరాంబకి షుగరు బయటపడింది. డాక్టరు రోజూ నడవమన్నాడు.

"నా కాళ్ళు పొద్దున్నే లాకుల దాకా వెళ్ళొచ్చేస్తాయండి. మళ్ళీ నడవమంటే ఎక్కణ్ణించి తెచ్చేది?" అందావిడ.

"అలసట నడక కాదమ్మా. షుగరు దిగేది నడకకి. నడక మీ ఆయనకి వెళ్ళింది, అలసట మీకొచ్చింది. మీ ఒంటికి సంబంధించినంత వరకూ మీరు మంచం దిగనట్టే లెక్క." డాక్టరు కాగితాలు పక్కన పెట్టాడు. "ఇలాగే ఉంటే కళ్ళ మీదకి వస్తుంది. ఆలోచించుకోండి."

ఆ మాటకి ఆవిడ భయపడింది. నలభయ్యేళ్ళ కాపురంలో తన కోసం తను భయపడటం ఆవిడకి కొత్త. మర్నాడే మెల్లగా మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళింది. ఆ సీటు గుమస్తా మర్యాదస్తుడు, ఫ్యాను కింద కుర్చీ వేయించాడు.

"కనెక్షను రద్దు చెయ్యడం కుదరదండి. ఇల్లన్నాక అలసట ఎక్కడో అక్కడ ఉండాలి కదండి. పేరు మార్పయితే ఈజీగా అయిపోద్దండి. ఇంట్లో ఎవరో ఒకరు ఒప్పుకుని సంతకం పెడితే సరిపోద్ది."

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పింది. భీమశంకరం చాలాసేపు నిష్పక్షపాతంగా ఆలోచించాడు.

"నాకేం అభ్యంతరం లేదే. కానీ నా పేరున పెడితే ఇంక నడిచేదెవరు? అలిసిపోతూ నడిస్తే అది ఆరోగ్యం ఎలా అవుతుంది?"

"నాన్న నడిచింది నేనెందుకు మొయ్యాలమ్మా? అన్యాయం కదా" అన్నాడు ఫణీంద్ర. అన్యాయమన్న మాట ఆ ఇంట్లో మొదటిసారి వినపడింది. ముగ్గురూ కాసేపు దాన్ని గౌరవించి ఊరుకున్నారు. తర్వాత భీమశంకరమే దారి చూపించాడు. "వీడికి పెళ్ళి చేసేద్దాం."

సంబంధం పక్క ఊళ్ళోనే కుదిరింది. అమ్మాయి పేరు వైజయంతి. ఖోఖోలో జిల్లా జట్టుకి ఆడింది. పెళ్ళిచూపుల్లో కూర్చునే ఓపిక లేని పిల్ల. కాఫీలు తెచ్చేటప్పుడు వాళ్ళింటి మేడమెట్లు రెండేసి చొప్పున దిగింది. ఆ చప్పుడుకి, తలుపు పక్కన నిలబడ్డ ఆమె తల్లి రత్నమాణిక్యం చప్పున ముక్కాలిపీట మీద కూర్చుండిపోయి పిక్కలు పట్టుకుంది. భ్రమరాంబ చూసింది. ఆవిడ చూసిందన్న సంగతి రత్నమాణిక్యం కూడా చూసింది.

మగవాళ్ళు ముహూర్తాల మాటల్లో పడ్డాక ఆడవాళ్ళు ముగ్గురూ వెనక వసారాలో కూర్చున్నారు.

"పెళ్ళయ్యాక మీ ఇంటి కనెక్షను నా పేరుకి మారుస్తారటండి, నాన్న చెప్పారు" అంది వైజయంతి హుషారుగా. ఇంటి బాధ్యత ముందే చేతికిస్తున్నారని ఆ పిల్ల సంబరం. "నాకెప్పుడూ అలసట రాలేదండి. ఆడినదంతా అమ్మకెళ్ళిపోయేది. ఎలా ఉంటుందండీ అది?"

భ్రమరాంబ నోరు తెరిచింది. మడమ గురించీ, దవడల గురించీ, కడుపునిండా తిన్నాక వచ్చే ఆ నీరసం గురించీ చెప్పాలనే అనుకుంది. కళ్ళ మీదకి వస్తుందన్న డాక్టరు మాట అడ్డం వచ్చింది.

"ఏం లేదమ్మా, కాస్త కూర్చోవాలనిపిస్తుంది."

"అంతేనా?"

"అంతే."

వైజయంతి తల్లి వైపు చూసింది. రత్నమాణిక్యం పైట కొంగుతో మొహం తుడుచుకుంటూ, "అంతేనమ్మా" అంది.

పెళ్ళయిన వెంటనే పేరు మార్చేశారు. "అదృష్టవంతులండి. కొంతమంది కోడలు వచ్చేదాకా ఉండరు" అన్నాడు గుమస్తా. అత్తగారు కోడలికి ఇల్లు అప్పగిస్తూ, డబ్బాలెక్కడున్నాయో చూపించింది. "మోకాళ్ళు పట్టెయ్యగానే జావ పెట్టెయ్యి, మావయ్యగారు వచ్చే వేళకి సరిపోతుంది" అని కూడా చెప్పింది.

మర్నాడు పొద్దున భ్రమరాంబ ఉలిక్కిపడి లేచింది. ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు. ఆయనకేమైనా అయిందేమోనని కంగారుపడి వీధి చివరిదాకా పరిగెత్తింది. అక్కడ ఆగాక గానీ తను పరిగెత్తినట్టు తెలియలేదు. ఆయన క్షేమంగా గట్టు దిగి వస్తున్నాడు. ఆవిడకి ఏడుపొచ్చింది, ఆనందంతోనే.

అప్పటి నుంచి ఆవిడ సాయంత్రాలు కాలవగట్టు మీద నడవడం మొదలుపెట్టింది. షుగరు దిగింది. డాక్టరు సంతోషించాడు. నడక సంఘం వాళ్ళు మహిళా విభాగం పెడితే, అందులో ఆవిణ్ణి సభ్యురాలిగా చేర్చుకున్నారు. వైజయంతి ఖోఖో మానేసింది. ఆడదామని ఒకసారి గ్రౌండుకి వెళ్ళింది గానీ, ఇంకా లైను దగ్గర నిలబడుండగానే కాళ్ళు ఆడలేదట. ఎందుకు మానేశావని ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఒక సాయంత్రం భ్రమరాంబ నడకనుంచి వచ్చేసరికి కోడలు వంటింట్లో నేల మీద కూర్చుని ఎడమ మడమ రెండు చేతులతో నొక్కుకుంటోంది.

"అత్తయ్యగారూ, మీరు కాస్త కూర్చోవాలనిపిస్తుంది అన్నది దీన్నేనా?"

"అలవాటైపోతుందమ్మా" అంది భ్రమరాంబ. ఆ మడమలో పోటు సరిగ్గా ఏ చోట మొదలవుతుందో, ఏ కంకర మీద పెరుగుతుందో ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. సిగ్గేసింది. పొద్దున ఆయన నడిచింది చాలదన్నట్టు సాయంత్రం తను కూడానా అనుకుంది. ఇక గట్టెక్కకూడదని, పార్కు చుట్టూ తిరిగి వచ్చేయాలని ఆ రాత్రి గట్టిగా నిర్ణయించుకుంది. కొన్నాళ్ళు అలాగే చేసింది కూడా.

తర్వాత ఒక సాయంత్రం చినుకులు పడి వెలిశాక గాలి చల్లగా వీచింది. కాలవ నిండుగా పారుతోంది. కాళ్ళు వాటంతటవే గట్టెక్కాయి. లాకుల మెట్లెక్కి పైన నిలబడి, నీళ్ళు దూకడం చీకటి పడేదాకా చూసి, ఇల్లు చేరింది.

సాయంత్రం పూట ఆ ఇంట్లో ఎవరూ జావ తాగరు. అయినా భోజనాల బల్ల మీద గ్లాసులో రాగిజావ పొగలు కక్కుతోంది. వైజయంతి పక్కనే గోడకి ఆనుకుని నిలబడుంది, ఒక చెయ్యి మోకాలి మీద ఉంది.

భ్రమరాంబ ఆ చేతి వైపు చూసి, కళ్ళు తిప్పుకుని కుర్చీలో కూర్చుంది. జావ మొత్తం తాగింది. గ్లాసు కోడలి చేతికిస్తూ, "ఒళ్ళు దూదిపింజలా ఉందమ్మా. నువ్వూ కాస్త నడవొచ్చు కదా?" అంది.