ఎవరికీ అక్కర్లేని బహుమతి

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఈ చివర ఏనుగు తుమ్మితే ఆ చివర ముసలి కోతి "చిరంజీవ" అనేసరికి ఆ ఏనుగు మనవడికి పెళ్లయిపోయేది, ఒక మడుగు ఉండేది. అది కాస్తా పూడిపోయింది. మిగిలిన గుక్కెడు నీళ్లలో తాబేలు కూర్మమ్మ పిల్లలు ఒకరి వీపు మీద ఒకరెక్కి ప్రాణాలు నిలుపుకుంటున్నారు.

కూర్మమ్మ లక్కీ డ్రా పెట్టింది. తట్టెడు పూడిక తీసినవాళ్ల పేరు ఆకు మీద గీకి సొరకాయ బుర్రలో వేస్తుంది. ఎవరి ఆకు పైకొస్తే వాళ్లకి తేనెపట్టు.

అందరూ తట్టలతో ఉరికొచ్చారు. వెనకే బహుమతుల తనిఖీ అధికారి, నక్క జంబుకరావు వచ్చాడు.

"ఏమమ్మా, ధర్మకార్యపు డ్రాలో తినే వస్తువు పెట్టకూడదని తెలీదూ?" అని తేనెపట్టు స్వాధీనం చేసుకున్నాడు.

"ఎక్కడ దాస్తారు సార్?" అంది ఎలుగుబంటి, లొట్టలేస్తూ.

"భద్రమైన చోట," అన్నాడు పొట్ట నిమురుకుంటూ.

మర్నాడు కూర్మమ్మ ఇప్పసారా కుండ పెట్టింది. మత్తు పదార్థమన్నాడు, పట్టుకుపోయాడు. నెమలీకల విసనకర్ర పెట్టింది. విలువైన వస్తువన్నాడు. సాయంత్రం వాళ్లావిడ దానితోనే విసురుకుంటూ కనిపించింది. బహుమతి లేదనేసరికి తట్టలన్నీ ఒడ్డున బోర్లాపడ్డాయి.

"బాబ్బాబు, పిల్లలు ఎండిపోతున్నారు. ఏం పెట్టాలో మీరే సెలవియ్యండి," అంది కూర్మమ్మ.

జంబుకరావు ఒడ్డునున్న బండరాయి ఎక్కాడు. "ఎవరైనా కోరుకుంటే అది ఆశ. ఆశ ఉంటే జూదం. కాబట్టి ఎవరికీ అక్కర్లేనిదే బహుమతి కావాలి!" అని మొదలెట్టి ఉపన్యాసం సాగదీశాడు. ఆ దెబ్బకి పచ్చని చెట్లు ఆకులు రాల్చేశాయి. గుడ్లగూబ జన్మలో మొదటిసారి రాత్రిపూట నిద్రపోయింది.

కూర్మమ్మ మాత్రం డిప్పలోంచి తల బయటపెట్టి నవ్వింది.

"దొరికింది బాబూ! మీ ఉపన్యాసమే మొదటి బహుమతి. గెలిచినవాళ్లు పొద్దు పొడిచింది మొదలు గూకేదాకా ఎదురుగా కూర్చుని వినాలి. మధ్యలో లేవకూడదు."

మొదటి బహుమతి అన్న మాటకే నక్క ఉబ్బి ఏనుగంతయ్యాడు. "ఆమోదించాను!"

"అయితే అడవిలో అందరి ఆకులూ బుర్రలో వేస్తున్నాను. తట్టెడు పూడిక తీసినవాళ్లు తమ ఆకు వెనక్కి తీసుకోవచ్చు."

అంతే! పులి తన తట్ట తానే మోసింది. కాళ్లే లేని కొండచిలువ పరిగెత్తుకొచ్చింది. పాతాళం కనపడేదాకా తవ్వేశారు. పైకి తన్నిన నీళ్లకి ఆకాశంలో చుక్కలు తడిశాయి. పిల్ల తాబేళ్లు ఈతలు కొట్టాయి.

బుర్రలో ఒక్క ఆకే మిగిలింది. అధికారి తట్ట పట్టడం నామోషీ కదా!

"జంబుకరావుగారు గెలిచారహో!" అని కోతి చాటింపు వేసింది.

"చెప్పేవాణ్ణి నేను! నేనెలా వింటాను?"

"చెప్తూ వినండి సార్," అంది ఎలుగుబంటి. "లేవడానికి మాత్రం లేదు. మీరు ఆమోదించిందే."

నక్క ఒక్కడే బండమీద కూర్చుని చెప్పుకుంటూ, వింటూ, ఆవులిస్తూ మధ్యాహ్నం దాకా ఓర్చుకున్నాడు. ఆ తర్వాత రెండు చేతులూ జోడించి కేక పెట్టాడు.

"అమ్మా కూర్మమ్మా! ఇంకో తట్టేమైనా మిగిలిందా తల్లీ?"

నీతి: పనికిమాలిన అధికారిని పారేయకండి, మడుగు పూడినప్పుడు పనికొస్తాడు.