మూడు గొట్టాల ఉమ్మడి ఆస్తి

మా ఓబర్‌గుప్ వేట సంఘం వారి అడవిలో జంతువులకు ఏ లోటూ లేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. జింకలు ఒళ్ళు చేశాయి. అడవిపందులు పిల్లాపాపలతో బంగాళాదుంప చేలల్లో షికారు చేస్తున్నాయి. ఇదంతా మా సభ్యుల కరుణ అని పక్క లోయవాళ్ళు అనుకుంటారు. కరుణ కాదు. మా తుపాకులకు తూటాలు లేవు.

ఇది పేదరికం వల్ల వచ్చింది కాదు, అభిరుచి వల్ల వచ్చింది. తాతల నాడు ఫెర్లాహ్ ఊరి తుపాకుల పనివాళ్ళు చేసిన రెండు గొట్టాల, మూడు గొట్టాల, నాలుగు గొట్టాల తుపాకులు తప్ప మేం మరొకటి ముట్టం. ఒక గొట్టం పిట్ట మీదికి సీసపు గుళ్ళు చిమ్ముతుంది, ఇంకోటి జింక మీదికి గుండు వదులుతుంది. అడవిలో ఏది ఎదురైనా ఆ ఒక్క తుపాకి చాలు. ఆ గుండు తూటాల తయారీ మాత్రం పాత చక్రవర్తి రాజ్యంతోపాటే పోయింది. అందుకే మాలో తూటా ఎంత దొరకనిదైతే యజమానికి అంత గౌరవం. కొట్లో దొరికే తూటాతో పేలే తుపాకి ఉన్నవాణ్ణి సత్రంలో మరుగుదొడ్డి తలుపు పక్కన కూర్చోబెడతాం. హోఫ్రాట్ అని సర్కారు బిరుదున్న ప్రెసెగ్గర్ గారి తుపాకికి నాలుగు గొట్టాలు, నాలుగింటికీ తూటాల్లేవు. అందుచేత ఆయన మా శాశ్వత అధ్యక్షులు.

మొన్నటి వసంతంలో మా సభ్యుడు వలెంటీన్ కొగెల్నిక్ కాలం చేశాడు. పాపం, ఆయనకు వేటాడే అలవాటుండేది. తన ఆఖరి గుండు కాల్చేసిన తర్వాతగానీ ఆయనకు ముందు వరసలో కుర్చీ దొరకలేదు. పోతూపోతూ తన మూడు గొట్టాల తుపాకిని ముగ్గురు పిల్లలకూ సమానంగా ఇచ్చాడు. సమానంగా అంటే తలా ఒక గొట్టమని కొడుకులు తేల్చారు. పైన కుడి గొట్టం పెద్దవాడు ఎంగెల్బర్ట్‌ది, ఎడమది రూపర్ట్‌ది. రెండూ సీసపు గుళ్ళవి, వాటి తూటాలు ఏ కొట్లోనైనా దొరుకుతాయి. అడుగున ఉన్న గుండు గొట్టం చెల్లెలు నోట్‌బుర్గాకు వదిలారు. చివరిదానివి కదా, కిందిది నీకే న్యాయం అన్నారు. తుపాకి మాత్రం ఆమె గోడకే వేలాడింది, ఎందుకంటే ఇద్దరు వదినలూ దాన్ని తమ ఇళ్ళలోకి రానివ్వలేదు.

ఇక్కడ సంఘం నియమం ఒకటి చెప్పాలి. పోయిన సభ్యుడి కుర్చీ, దాంతోపాటు అడవి అంచున ఆయన మంచె, ఆయన తుపాకితో నవంబరు మొదట్లో వచ్చే వేటగాళ్ళ హుబెర్టుస్ పండుగలోగా జింకపోతును పడగొట్టిన వారసుడికి చెందుతాయి. ఎవరూ కొట్టకపోతే పెద్దకొడుక్కి. చట్ట ప్రకారం జింకను గుండుతోనే కొట్టాలి, గుళ్ళతో కొట్టకూడదు. కాబట్టి చెల్లెలి గొట్టం నోరు మూసుకుని ఉంటే చాలు, ఎంగెల్బర్ట్ కూర్చున్నచోటే గెలుస్తాడు.

నోట్‌బుర్గాకు కావలసింది ఆ మంచె ఒక్కటే. పరికిణీ వయసు నుంచి తండ్రి పక్కన అక్కడే కూర్చుంది. చలికాలంలో జింకలకు గడ్డి మోసింది, వేట పరీక్ష ప్యాసైంది. మా సంఘంలో ఆడవాళ్ళకు నిషేధమేమీ లేదు, ఇంతవరకు అవసరం రాలేదంతే.

ఎంగెల్బర్ట్ ముందుచూపు గలవాడు. ఆ తుపాకిలో అతని గొట్టానికీ చెల్లెలి గొట్టానికీ ముందు ట్రిగ్గర్ ఒక్కటే ఉమ్మడి కాపురం. పైనున్న చిన్న మీట వెనక్కుంటే కుడి గొట్టం పేలుతుంది, ముందుకు జరిపితే గుండు గొట్టం పేలుతుంది. ట్రిగ్గర్ మొదట తన గొట్టానికే పుట్టిందనీ, తన సమ్మతి లేకుండా దాన్ని నొక్కరాదనీ అతను ఫిర్యాదు చేశాడు. హోఫ్రాట్ గారు లేచి, ట్రిగ్గర్ అనేది ఇనుపముక్క కాదు, వంశగౌరవమని గంటసేపు సెలవిచ్చారు. చివరికి ట్రిగ్గర్ అన్నగారిది, మీట చెల్లెలిది అని తీర్పయింది. అందరం చప్పట్లు కొట్టాం.

ఆమె తూటాల వేటలో పడింది. క్లాగెన్‌ఫుర్ట్ పట్నం కొట్లో నవ్వారు. సంతలో ఒకడు ఖాళీ తొడుగు చూపించి, ముట్టుకోవద్దన్నాడు. సరిగ్గా అవే తూటాలు సీలు తియ్యని పెట్టెతో సహా హోఫ్రాట్ గారి అద్దాల బీరువాలోనే ఉన్నాయి. వెళ్ళి అడిగింది.

“పెట్టె విప్పితే దాని విలువేం కాను అమ్మాయ్?” అన్నారాయన, అద్దం తుడుస్తూ.

“విప్పకపోతే తూటాల విలువేం కాను హోఫ్రాట్ గారూ?”

ఆయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. కాఫీ ఇప్పించి పంపేశారు.

చివరికి ఫెర్లాహ్‌లో ఒక ముసలి తుపాకుల మేస్త్రీ ఇంకో రకం తూటా తొడుగును కోసి, సానబెట్టి, ఆమె గొట్టానికి సరిపెట్టాడు. మీ సంఘం వాళ్ళు నా గుమ్మం ఎందుకు తొక్కరో తెలుసా, తొక్కితే తూటాలు దొరికిపోతాయని భయం అన్నాడట. ఇది ఆమె చెప్పిన మాట. మేం నమ్మలేదు.

అక్టోబరులో ఒక తెల్లవారుజామున ఆమె మంచె ఎక్కింది. తమ ఆస్తికి కాపలాగా అన్నలిద్దరూ ఎక్కారు. ముగ్గురూ ఒక తుపాకిని పట్టుకుని, పాలేర్లు మోకు పట్టుకున్నట్టు కూర్చున్నారు. మంచు విడుతుండగా జింకపోతు బయటికి వచ్చింది. నోట్‌బుర్గా మీట ముందుకు జరిపింది.

“అన్నయ్యా, నీ ట్రిగ్గర్ మీద వేలు పెడుతున్నా. అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పు.”

“ఉందే బుర్గా, ముందు కమిటీలో...”

కమిటీ అన్న మాట పూర్తయ్యేసరికి జింక పడి ఉంది.

ఆమె దిగి, ఆనవాయితీ ప్రకారం జింక నోట్లో ఆఖరి మేతగా ఫర్ చెట్టు రెమ్మ పెట్టింది. తర్వాత టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడింది. వేటగాడి టోపీకి రెమ్మ ఇంకొకరు ఇవ్వాలి, తనంత తాను పెట్టుకోకూడదు. ఇస్తే ఆమె వేటాడినట్టు ఒప్పుకున్నట్టే. అన్నలు వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. ఆమె చాలాసేపు అలాగే నిలబడిందట. ఈ సంగతి విన్నప్పుడు నాకు సిగ్గేసింది. సభ్యుణ్ణి కనుక ఆ సిగ్గును సమావేశంలో ప్రవేశపెట్టలేదు.

ఆ ఆదివారం సత్రంలో ప్రత్యేక సమావేశం జరిగింది. జింక కూర వండి, రొట్టె ఉండలతో నోట్‌బుర్గాయే వడ్డించింది. చాలా ఏళ్ళుగా మేం జింకను గోడ మీద చూడటమే తప్ప కంచంలో చూడలేదు. నేను మారు వడ్డించుకున్నాను. హోఫ్రాట్ గారు మూడోసారి వడ్డించుకుని లేచారు.

“సభ్యులారా, కొగెల్నిక్ తుపాకికి తూటాలు లేవన్నది ఈ సంఘం ఎరిగిన సత్యం. తూటాలు లేని తుపాకి పేలిందనడం మన పెద్దలను అవమానించడమే. కావున ఈ జింక సహజ కారణాల వల్ల మరణించిందని తీర్మానిస్తున్నాం.”

అంతలో ఆయన పంటి కింద ఏదో కరకరమంది. సీసపు ముక్క. మర్యాదగా తీసి కంచం అంచున పెట్టారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. కుర్చీ, మంచె ఎంగెల్బర్ట్‌కు దఖలు పడ్డాయి.

నోట్‌బుర్గా గరిటె పక్కన పెట్టింది.

“అయితే నా తుపాకి పేలదంటారు?”

“పేలదమ్మా.”

“పేలని తుపాకి పట్టుకుని ఆడమనిషి మంచె ఎక్కి కూర్చుంటే వేట కాదుగా?”

హోఫ్రాట్ గారు మా వైపు చూశారు. మేం కంచాల వైపు చూశాం.

“కాదు,” అన్నారాయన.

ఇప్పుడు మంచె ఎంగెల్బర్ట్‌దే. మోకాళ్ళ నొప్పుల వల్ల ఎక్కడు. రోజూ తెల్లవారకముందే దాని మీద ఎవరో కూర్చుంటున్నారు, మాకు కనబడరు. కొండ మీద ఢామ్మంటే ఉరిమిందంటాం. ఈసారి చలికాలంలో ఉరుములు బాగానే ఉన్నాయి. ఆదివారం భోజనానికి మాత్రం ఎవరమూ ఆలస్యం కాలేదు.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి. కానీ ఇవాళ మీ కంచంలోకి వచ్చింది ఎవరి చేతి మీదుగా వచ్చిందో, వాళ్ళకు మీ ఇంట్లో ఎన్నో వరసలో కుర్చీ వేశారో, ముద్ద మింగాక నాకు చెప్పండి.