టెలిఫోన్‌లో పడిన నా పళ్ళు

అయ్యలారా, టెలిఫోన్ మహోపకారి! మనిషికి రహస్యాల బరువెందుకు? ఒక్క నిమిషంలో దించేస్తుంది. నా బరువు అలాగే దిగింది!

నేను తిరుత్తణిలో తెలుగు పండితుణ్ణి. నా ముందు పళ్ళు నాలుగూ రెండేళ్ళుగా కట్టుడువే. మద్రాసులో పెట్టించుకొచ్చాను. భార్య రంగనాయకమ్మకు కూడా చెప్పలేదు. పైగా బడిలో ఇకిలించి, "వేపపుల్ల మహిమ చూడండిరా!" అనేవాణ్ణి.

మొన్న మురుకు కొరికితే అవి కాస్తా విరిగాయి. వెంటనే మౌనవ్రతం పట్టాను! ముక్కలు మద్రాసు డాక్టరుకు పార్సిల్ చేశాను. జవాబు లేదు. గురువారం ఇన్‌స్పెక్టర్ వస్తాడు. పండితుడు నోరు తెరవకపోతే ఉద్యోగం ఉంటుందా?

ఊళ్ళో తెలియకూడదని రైలెక్కి తిరువళ్ళూరు వెళ్ళాను. తణికాచలం రైసుమిల్లులో టెలిఫోన్ అందుకుని గుసగుసగా అడిగాను.

"పళ్ళు సిద్ధమా?"

"ఏం పళ్ళు? కొత్వాల్ చావడి పండ్ల బజారులో అడగండి! ఇది డాక్టరు ఇల్లు!"

ఇక అరవక తప్పిందా? "నోట్లో పళ్ళండీ! కట్టుడువి! పై వరస నాలుగు! తిరుత్తణి పండితుడివి!"

బస్తాలు మోసేవాళ్ళు బస్తాలు దించి మరీ విన్నారు. తణికాచలం జాలిపడ్డాడు. "అన్నం ఎట్ల తింటా వుండారు సామీ?"

మిల్లు గుమాస్తా ముందు బండికే తిరుత్తణి చేరాడట. నేను దిగగానే జట్కా మునిస్వామి అడిగాడు: "అయ్యవారూ, పండ్లు యాడ కట్టించినారు? మా మామకు గూడా కావల్ల!"

ఇంట్లో రంగనాయకమ్మ మొహం తిప్పుకుంది. "నాకాడ దాచి మిల్లోళ్ళకంతా చెప్పినారా?" 

పళ్ళు బుధవారమే వచ్చాయి. ఉద్యోగం నిలిచింది. ఇన్‌స్పెక్టర్ నా పద్యం విని, "బాగా అమిరాయండీ!" అని మెచ్చుకున్నాడు.

ఇంత ఉపకారానికి చట్టంలో మందు లేదా? తిరువళ్ళూరు వకీలు సుందరరాజులు గారి గుమ్మమెక్కాను. గదినిండా కక్షిదారులు. ఆయన చెవిలో అంతా చెప్పాను.

"ఉత్తరం చించితే శిక్ష వుండాది. తంతి ఆఫీసోడు తంతి బయటపెడితే శిక్ష వుండాది. టెలిఫోన్‌కాడ నిలబడి విన్నోళ్ళకు సెక్షన్ యాడుందబ్బా? వుండు, మద్రాసులో మా సీనియర్‌ని అడుగుతా."

నేను వారించేలోగా టెలిఫోన్ ఎత్తాడు.

"హలో సార్! తిరుత్తణి పండితుడి కేసు! రహస్యం సార్, ర-హ-స్యం! ఏమి? వినబడలేదా? గట్టిగానా? సరే సార్!"