కరెంటు తగిలిన కల్యాణి

మన శాస్త్రీయ సంగీతానికి కరెంటు కనెక్షన్ ఇచ్చిన మహానుభావుడికి తార్నాక చౌరస్తాలో ఒక విగ్రహం పెట్టాలని నా ప్రతిపాదన. నవ్వకండి! నేను యూనివర్సిటీ పరీక్షల విభాగంలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న గుమాస్తాను. వేళాకోళమాడే అలవాటు మా విభాగంలో ఎవరికీ లేదు.

ఆ సినిమా పాట మీరు వినే ఉంటారు. మనుషులు చంద్రుడి దాకా పోతామంటున్న రోజులు కదా, నాయిక ఒక అడుగు ముందుకేసి కలలోనే చంద్రమండలం మీద దిగుతుంది. దిగిన మనిషి ఊరుకోకుండా కల్యాణి రాగం ఎత్తుకుంటుంది. వెనక సన్నాయి. ఆ సన్నాయి పైషడ్జం మీద నిలబడి, మనం కళ్లు మూసుకుని తల ఊపబోయే సమయానికి సరిగ్గా "కుయ్య్య్" మంటూ ఒక ఎలక్ట్రానిక్ మోత మొదలవుతుంది. మూసుకున్న కళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి. కచేరీల్లో కునుకు తీసే జాడ్యానికి ఇంతకంటే మంచి మందు ఎవరైనా కనిపెట్టారా?

మా ఇంట్లో శాంతి నెలకొన్నది కూడా ఈ పాట వల్లనే. మా నాయనకు కీర్తనలు కావాలి. బీయస్సీ చదివే మా తమ్ముడికి గిటారు మోత కావాలి. రేడియో దగ్గర రోజూ కురుక్షేత్రం. ఇప్పుడా బాధ లేదు. సన్నాయి వస్తున్నంతసేపు తమ్ముడు బయటికి పోతాడు, కుయ్యిమన్నప్పుడు నాయన పోతాడు. ఇద్దరూ గుమ్మంలో ఎదురుపడి ఒకరికొకరు దారి ఇచ్చుకుంటున్నారు!

ఇంకో లాభం చెప్తాను. మొన్న మా రేడియో చెడిపోయి ఒకటే కుయ్యిమంది. ఆ సంగతి మూడు రోజుల దాకా మాకు తెలియలేదు. చివరికి మా ఆవిడ భూదేవికే అనుమానం వచ్చింది. "ఏమండి, గీ పాట మూడు దినాల సంది అయిపోతలేదేంది?" అని అడిగింది. లాలాపేట్‌లో మా బంధువుల ఇంట దీనికి వ్యతిరేకం జరిగింది. మెకానిక్‌ను పిలిపించి రేడియో అంతా విప్పించారు. తీరా చూస్తే అది పాటే!

ఇక హాస్టళ్ల సంగతి. ఒక స్నానాల గదిలోంచి కల్యాణి, పక్క గదిలోంచి "కుయ్". రెండూ కలిస్తే ఆర్కెస్ట్రా. మన దేశంలో కలిసి పనిచేయడం నేర్పిన సంస్థలు ఎన్ని ఉన్నాయి చెప్పండి?

ఇంతకీ ఈ మోత పుట్టింది మా క్యాంపస్‌లోనే అంటే మీరు నమ్మాలి. ఫిజిక్స్‌లో పరిశోధన చేసే ఇన్నయ్య, పాత రేడియోల వాల్వులు, తీగలు పోగుచేసి ఒక చెక్కపెట్టె తయారుచేశాడు. మీట తిప్పితే రకరకాల ధ్వనులు వస్తాయి. ఎవరు చెప్పారో గానీ సినిమా వాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. "సార్, ఇది సంగీతం కాదు, నా థీసిస్" అని ఇన్నయ్య మొత్తుకున్నాడు. థీసిస్‌ను టాక్సీలో పెట్టించి స్టూడియోకు తీసుకుపోయారు.

పెట్టె బరువు. మోయడానికి లాబ్ అటెండరు పోచయ్య వెంట వెళ్లాడు. పోచయ్య మాణికేశ్వర్ నగర్‌లో ఉంటాడు, నాకు బాగా తెలిసినవాడు. జనగామ వైపు ఒక గుడిలో వాయించే మేనమామ దగ్గర పన్నెండేళ్లు సన్నాయి నేర్చుకున్నాడు. సెలవు రోజుల్లో పెళ్లిళ్లకు పోతాడు. ఆ శనివారం కూడా అటునుంచి అటే పెళ్లికి పోవాలని సన్నాయి సంచిలో పెట్టుకున్నాడు. స్టూడియోలో వాయించాల్సినాయనకు జ్వరమని కబురొచ్చింది. అందరూ తలలు పట్టుకున్నారు. పోచయ్య మూల నుంచి, "నేను ఊదుతా సార్, కల్యాణే గదా" అన్నాడట. రెండోసారికే పాట ఓకే అయింది. సంగీత దర్శకుడు వాటేసుకుని, రికార్డు మీద నీ పేరు వేయిస్తానన్నాడట.

సినిమా వచ్చింది. తార్నాక గోడల మీద వాల్‌పోస్టర్లు పడ్డాయి. "తెలుగు తెరపై తొలిసారి ఎలక్ట్రానిక్ సంగీతం!" అని అక్షరాలు, పక్కన దండ వేసిన పెట్టె ఫోటో. పోచయ్య పేరు పోస్టరు మీదా లేదు, తెర మీదా లేదు, రికార్డు మీదా లేదు.

ఇది పూర్తిగా న్యాయమని నా అభిప్రాయం. పెట్టెకు పేరు వేస్తే పెట్టె పొంగిపోదు. మనిషికి వేస్తే రేపు ఇంకో పాటకు పిలుస్తారేమోనని ఎదురుచూస్తాడు. కళాకారులను ఇట్లాంటి ఆశల నుంచి కాపాడటం మన ధర్మం కాదా?

కాకపోతే పోచయ్య భార్య సోమమ్మ తొందరపడింది. ఆ సన్నాయి మా ఆయనదేనని గల్లీ అంతా చెప్పుకున్నది. "అయితే రేడియోల పేరు చెప్తరు గదా, ఇంటం" అన్నారు గల్లీవాళ్లు. ఆదివారం మధ్యాహ్నం శ్రోతలు కోరిన పాటల్లో అది వస్తుందని తెలిసి, సోమమ్మ నా ట్రాన్సిస్టర్ తెమ్మని నన్ను పిలిచింది. వెళ్లాను. అరుగుల మీద చోటు లేదు.

సినిమా పేరు చెప్పారు. రాసినవారు, పాడినవారు, సంగీత దర్శకుడు. ఆ తర్వాత పాట కోరినవారు: గోల్నాక నుంచి రాజలింగు, వెంకటనర్సయ్య, వారి మిత్రబృందం, ఇంకా ఎందరెందరో! ఆ జాబితా అయ్యాక పాట మొదలైంది. సన్నాయి రాగానే పోచయ్య వేళ్లు మోకాలి మీద కదిలాయి. ఆ వేళ్లను నేను చూశాను, గల్లీలో ఇంకెవరూ చూడలేదు.

పాట అయిపోయింది. పక్కింటి గట్టయ్య లేచి, "గోల్నాకోళ్ల పేర్లు గుడ ఒచ్చినయ్ పోచన్నా, నీదేది? గప్పాలు మస్తు కొడ్తవే!" అన్నాడు. అందరూ నవ్వారు. సోమమ్మ లోపలికి పోయింది. పోచయ్య ఆ రోజు నుంచి సన్నాయి ముట్టలేదు. ఒప్పుకున్న పెళ్లి కూడా వద్దన్నాడు. "అబద్ధాలోనివి అన్నరు సార్. ఇగ ఏం ఊదాలె?" అన్నాడు నాతో. ఇన్నయ్య పాపం స్వయంగా వెళ్లి గల్లీలో సాక్ష్యం చెప్పి వచ్చాడు. రేడియో చెప్పని మాట రీసెర్చి స్కాలరు చెప్తే ఎవరు నమ్ముతారు?

అప్పుడు నాలోని గుమాస్తా మేల్కొన్నాడు. పోస్టుకార్డు తీసుకున్నాను. ఫలానా సినిమాలోని ఫలానా పాట వినిపించగలరు, కోరేవారు సోమమ్మ, పోచయ్య, మాణికేశ్వర్ నగర్. గుండ్రటి దస్తూరితో రాసి పోస్టు డబ్బాలో వేశాను.

నాలుగో ఆదివారం రేడియోలో ఆ రెండు పేర్లూ స్పష్టంగా, ఊరి పేరుతో సహా వినిపించాయి. గల్లీలో ఈలలు! గట్టయ్య పరుగెత్తుకొచ్చి, "తప్పయింది పోచన్నా! రేడియోల్నే చెప్పిండ్రు, ఇగ నమ్మకేంది!" అని వాటేసుకున్నాడు. పన్నెండేళ్ల సాధన చేయలేని పని ఒక్క పోస్టుకార్డు చేసింది.

కాబట్టి సన్నాయి, వీణ, మృదంగ విద్వాంసులందరికీ నా సవినయ సలహా. పొద్దున్నే లేచి సాధనలు చేయకండి. కార్డు రాయడం నేర్చుకోండి. మీరు వాయించిన పాటను మీరే కోరుకోండి, మీ పేరు ఊరూరా వినిపిస్తుంది.

పోచయ్య మాత్రం ట్రాన్సిస్టర్ ముందు అట్లాగే కూర్చున్నాడు. "పేరొచ్చింది గద, గిప్పుడన్న నవ్వరాదు?" అన్నది సోమమ్మ.

"ఒచ్చిందే," అన్నాడు పోచయ్య. "కోరినోళ్లల్ల ఒచ్చింది. ఊదినోళ్లల్ల రాలే."