సామాను పట్టని బండి

శనివారం ఉదయం వీరభద్రం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లోవాళ్ళు లేవకముందే కార్ల షోరూముకి వెళ్ళాలి. కొత్తగా వచ్చిన రెండు తలుపుల స్పోర్ట్స్ కారుని ఒకసారి నడిపి చూడాలి. వచ్చేదారిలో ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు కొనుక్కుని, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి ఉప్మా తినాలి. అంతా షామ్‌బర్గ్ ఊళ్ళోనే, మహా అయితే గంటన్నర పని.

యాభై దాటిన మనిషికి స్పోర్ట్స్ కారు మీద మోజేమిటని మీరు అడగొచ్చు. మోజూ లేదు, పాడూ లేదు. అతనికి కావలసింది కాస్త విశ్రాంతి. కూతురు పూజిత కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడు ఇంటిల్లిపాదికీ సరిపోతుందని ఓ మినీ వ్యాన్ కొన్నాడు. అది మొదలు ఊళ్ళో ఏ తెలుగువాళ్ళ అత్తమామలు వచ్చినా, ఎవరి వియ్యంకులు దిగినా, ఓహేర్ ఎయిర్‌పోర్టుకి వెళ్ళి తీసుకురావాల్సింది వీరభద్రమే. ఉగాది ఫంక్షన్‌కి పులిహోర గుండిగలు కదలాలన్నా ఆ వ్యానే. ఎవరి సూట్‌కేసులోంచో కారిన ఆవకాయ నూనె వెనక సీటు కింద ఇంకిపోయి, ఎండలు ముదిరితే బండి మొత్తం జాడీలా వాసన కొట్టేది. "భద్రం ఉన్నాడుగా!" అనేవాళ్ళు అందరూ. ఆ మాట వింటే చాలు, అతనికి నడుము నొప్పి మొదలయ్యేది.

పోనీ కాదనొచ్చుగా అంటే, అది అతనికి పుట్టుకతో రాలేదు. 'కుదరదండీ' అన్న మాట నోటిదాకా వచ్చి, పెదాల దగ్గర 'ఎన్నింటికండీ ఫ్లైటు?' అయిపోయేది. అందుకని బాగా ఆలోచించి, కాదనడం చేతకానివాడికి కాదనే బండి కావాలని తేల్చుకున్నాడు. వారం రోజులుగా అద్దం ముందు గడ్డం గీసుకుంటూ ఒకే వాక్యం వల్లె వేస్తున్నాడు: "అయ్యో, మాది రెండు తలుపుల బండండీ, సామాను పట్టదు."

షోరూములో గ్రెగ్ అనే సేల్స్‌మన్ ఎదురొచ్చాడు. ఒకే మొహంతో రెండు కార్లు పక్కపక్కన నిలబడి ఉన్నాయి, అన్నదమ్ముల్లా. ఒకటి రెండు తలుపుల కూపే, ఇంకోటి నాలుగు తలుపుల సెడాన్. ఎర్రటి కూపే నేలకి కరుచుకుని ఉంది. లోపల మీగడ రంగు తోలు సీట్లు. గ్రెగ్ ఇంజను గురించి, హార్స్‌పవర్ గురించి ఏదో చెప్పబోతుంటే వీరభద్రం వినిపించుకోకుండా ముందు సీటు మడిచి, వంగి, ఒళ్ళు ముడుచుకుని, వెనక సీట్లోకి దూరాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. తల పైకప్పుకి ఆనింది. అతని మొహం వెలిగిపోయింది.

గ్రెగ్ నొచ్చుకుంటూ, వెనక కాస్త ఇరుకేనని ఒప్పుకున్నాడు.

"ఇంతకన్నా ఇరుకుది లేదా?" అని అడిగాడు వీరభద్రం ఇంగ్లీషులో.

తర్వాత ఇంటి నుంచి తెచ్చుకున్న పెద్ద సూట్‌కేసుని తన వ్యాన్‌లోంచి దింపాడు. హైదరాబాదు ప్రయాణాల్లో ఆరితేరిన సూట్‌కేసు అది. దాన్ని కూపే డిక్కీలో నిలువుగా పెట్టి చూశాడు, అడ్డంగా పెట్టి చూశాడు, ఐమూలగా తోసి చూశాడు. పట్టలేదు. సంతోషం పట్టలేక గ్రెగ్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఫ్యామిలీ ఉన్నవాళ్ళకి సెడాన్ నయమని గ్రెగ్ దాని డిక్కీ తెరిచి, అదే సూట్‌కేసు సునాయాసంగా పెట్టి చూపించాడు. ఇంకోదానికి కూడా చోటుంది. వీరభద్రం గబగబా సూట్‌కేసు బయటికి లాగేసి ఆ డిక్కీ తానే మూసేశాడు.

ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఇలాంటి కొనుగోలుదారుణ్ణి గ్రెగ్ చూడలేదు. ఇతన్ని వదులుకోకూడదనుకున్నాడో ఏమో, సోమవారం పొద్దున దాకా కారు నీ దగ్గరే ఉంచుకో, వ్యాన్, సూట్‌కేసు ఇక్కడే ఉంటాయి అన్నాడు.

బటన్ నొక్కితే కారు చిన్నగా గుర్రుమంది. రోడ్డెక్కాక కాలు ఆనిస్తే చాలు, పరుగు తీసింది. కానీ వీరభద్రానికి నచ్చింది పరుగు కాదు. వెనక నుంచి ఒక్క మాట వినపడలేదు. ఏసీ తగ్గించమన్నవాళ్ళు లేరు, ఇక్కడ బియ్యం ధర ఎంతని అడిగినవాళ్ళు లేరు. ఇన్నేళ్ళలో మొదటిసారి అతనికి కారులో తన ఊపిరి తనకి వినిపించింది. కళ్ళు చెమర్చాయంటే నమ్మండి.

ఆ పరవశంలో కరివేపాకు కోసం ఇండియన్ స్టోర్ ముందు ఆపాడు. ఆగకుండా ఇంటికి పోయి ఉంటే ఈ కథే ఉండేది కాదు. అక్కడ డాక్టర్ లక్ష్మీకాంతం గారు కూరగాయల సంచులతో నిలబడి ఉన్నారు. ఆవిడ షామ్‌బర్గ్ తెలుగువాళ్ళకి పెద్దదిక్కు. రిటైరయ్యాక ఊళ్ళో అందరి పనులూ చూస్తున్నారు, అంటే ఎవరు ఏ పని చెయ్యాలో చూస్తున్నారు.

"భద్రం! కారు కొన్నావా? మాటమాత్రం చెప్పలేదే!"

"కొనలేదండీ, టెస్ట్ డ్రైవ్‌కి తెచ్చాను."

"చాల్లే! పార్టీ ఇవ్వాల్సొస్తుందని టెస్ట్ డ్రైవంటావా?"

"నిజమండీ. డీలర్‌ది."

"నేను ఈ దేశానికి నిన్న రాలేదయ్యా. టెస్ట్ డ్రైవ్‌కి వస్తే పక్కన సేల్స్‌మన్ ఉండడూ? ఏడీ?"

ఆవిడ సంచిలోంచి నిమ్మకాయలు తీసి నాలుగు చక్రాల కిందా పెట్టి, ముందుకి పోనిమ్మన్నారు. వాదించడం కన్నా పోనివ్వడం తేలిక కాబట్టి వీరభద్రం పోనిచ్చాడు. అతను కరివేపాకు కొని బయటికొచ్చేసరికి ఆవిడ ఫోన్‌లో ఉన్నారు.

ఇంటి దగ్గర భార్య నాగమల్లేశ్వరి గరాజు ముందే నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పొద్దున్నే లేచి చూస్తే మీరు లేరు, పెద్ద సూట్‌కేసు లేదు! నామీద విరక్తి పుట్టి సన్యాసుల్లో కలిశారనుకున్నా. ఇంతలో లక్ష్మీకాంతం గారు ఫోన్ చేసి కంగ్రాట్స్ అంటారు! నాకు చెప్పకుండా కారు కొంటారా?"

"కొనలేదే బాబూ. డీలర్‌ది."

"మరి వ్యాన్ ఏదీ?"

"డీలర్ దగ్గరుంది."

"అంటే ఇచ్చేశారన్నమాట!"

ఆవిణ్ణి నమ్మించేసరికి ఉప్మా చల్లారింది. మిగతా ఊరిని నమ్మించడం అతని తరం కాలేదు. ఫోన్ మీద ఫోన్. 'టెస్ట్ డ్రైవ్' అన్న ప్రతిసారీ అవతలివాళ్ళు నవ్వేవాళ్ళు. వ్యాన్ లేని వాకిలి చూసిపోయినవాళ్ళకి ఇక సాక్ష్యం అక్కర్లేకపోయింది. పూజిత ఒక్కతే కారు చుట్టూ తిరిగి ప్రాక్టికల్‌గా అడిగింది: "డాడ్, సో కూల్! బట్ నా ఫ్రెండ్స్ ఎక్కడ కూర్చుంటుంది?"

సాయంత్రం మళ్ళీ లక్ష్మీకాంతం గారు.

"భద్రం, రేపు సాయంత్రం మన మల్లికార్జునరావు గారూ, ఆయన భార్యా దిగుతున్నారు. నువ్వు ఓహేర్‌కి వెళ్ళి..."

వీరభద్రం 'ఎన్నింటికండీ' అనబోయాడు. వాకిట్లో ఎర్రగా మెరుస్తున్న కారు కిటికీలోంచి కనబడింది. వారం రోజులుగా అద్దం ముందు నలిగిన వాక్యం దానంతటదే బయటికొచ్చింది.

"అయ్యో, మాది రెండు తలుపుల బండండీ, సామాను పట్టదు."

అని ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"అవును సుమీ," అన్నారావిడ. "సరేలే, మా అబ్బాయి అనూప్‌ని పంపిస్తాను. వాడి ఎస్‌యూవీ ఉందిగా. నువ్వు మాత్రం రేపు పొద్దున పదింటికల్లా కారు గుడికి తీసుకురా. పూజారి గారికి చెప్పేశాను."

వీరభద్రం ఫోన్ పెట్టేసి, వంటింట్లోకెళ్ళి, భార్యకి తన చేత్తో కాఫీ కలిపిచ్చాడు. అంత ఆనందంగా ఉంది. ఆవిడ మాత్రం గ్లాసు ముట్టుకోలేదు.

"పొద్దుణ్ణుంచీ మాది కాదు మాది కాదని మొత్తుకుని, ఇప్పుడు మీ నోటితో మీరే మాది అన్నారు. రేపు గుళ్ళో ఏం చెబుతారో చెప్పుకోండి."

గుళ్ళో చెప్పడానికి అవకాశమే దొరకలేదు. పార్కింగ్ లాట్‌లో సగం షామ్‌బర్గ్ ఉంది. నాగమల్లేశ్వరి ఏమీ పట్టనట్టు పట్టుచీర కట్టుకుని వచ్చింది. పూజారి గారు మంత్రాలు చదివి, బానెట్ మీద కుంకుమతో ఓంకారం రాసి, కొబ్బరికాయ కొట్టారు. ఒక్కొక్కరూ తలా ఒక అభిప్రాయం చెప్పారు. భలే ఉందన్నారు, చిన్నగా ఉందన్నారు, ఈ వయసులో ఎరుపేమిటన్నారు. అనూప్ డ్రైవర్ సీట్లో కూర్చుని స్టీరింగ్ నిమిరి, "నైస్ అంకుల్," అని దిగిపోయాడు. పాపం, సాయంత్రం ఎయిర్‌పోర్టుకి వెళ్ళాల్సినవాడు. భద్రం ఎందుకు వెళ్ళడం లేదో లక్ష్మీకాంతం గారు అతనన్న మాటల్లోనే అందరికీ చెప్పారు.

"వెనక ఎలా ఉందో చూద్దాం," అంటూ లక్ష్మీకాంతం గారు పసుపు ముద్ద కలిపిన చేత్తోనే లోపలికి దూరారు. దూరడం దూరారు గానీ బయటికి రావడం కుదరలేదు. ముందు సీటు మడిచారు, వెనక్కి లాగారు. అనూప్ ఒక చెయ్యి పట్టుకుంటే వీరభద్రం ఇంకో చెయ్యి పట్టుకున్నాడు. పూజారి గారు మంత్రాలు ఆపి సలహాలు ఇవ్వడం మొదలుపెట్టారు. "లాగండర్రా! నా మోకాలు! లాగద్దర్రా!" అని ఆవిడ ఊతం కోసం సీటు మీద చెయ్యి గట్టిగా ఆనించి ఒక్క ఉదుటున బయటపడ్డారు. మీగడ రంగు తోలు మీద ఐదు వేళ్ళూ పసుపుపచ్చగా అచ్చు పడ్డాయి.

"లక్ష్మీదేవి హస్తం! చాలా శుభం," అన్నారు పూజారి గారు.

ఆ శుభాన్ని వదిలించడానికి వీరభద్రం మధ్యాహ్నమంతా వంగి తుడిచాడు. సబ్బుతో తుడిస్తే పసుపు ఇంకా పరుచుకుంది. నిమ్మరసంతో రుద్దితే నిగనిగలాడింది.

"సోమవారం ఆ గ్రెగ్‌కి ఏమని చెప్తారు?" అంది నాగమల్లేశ్వరి.

"చెప్పడమేముంది? కొనేస్తాను," అన్నాడు వీరభద్రం, నడుము పట్టుకుని లేస్తూ. ఆ మాట అన్నాక అతనికి ప్రాణం కుదుటపడింది. ఔను, కొనేస్తే పోలా? మరక మనదే, బండి మనదే, వాక్యమూ మనదే. ఆ సాయంత్రం మల్లికార్జునరావు దంపతులు దిగుతున్న వేళకి అతను సోఫాలో కాళ్ళు చాపుకుని నిద్రపోయాడు. భర్త ఆదివారం సాయంత్రం ఇంట్లో నిద్రపోవడం చూసి ఎంత కాలమైందో నాగమల్లేశ్వరికి గుర్తులేదు. దుప్పటి కప్పి, టీవీ సౌండ్ తగ్గించింది. తర్వాత మనసు ఆగక లక్ష్మీకాంతం గారికి ఫోన్ చేసి, ఆ కారు తమది కాదని, నిజంగా డీలర్‌దేనని ఉన్నమాట చెప్పేసింది.

సోమవారం ఉదయం వీరభద్రం షోరూముకి వెళ్ళేసరికి లక్ష్మీకాంతం గారు సోఫాలో కూర్చుని గ్రెగ్ ఇచ్చిన కాఫీ తాగుతున్నారు. పక్కన అనూప్. కళ్ళ కింద నల్లటి చారలు, ఒక కాలు కుంటుతున్నాడు.

"ఆ కారు నీది కాదుటగా! ముందే చెప్పొద్దుటయ్యా పిచ్చివాడా?" అన్నారావిడ.

"చెప్పానండీ."

"ఎప్పుడు చెప్పావు? సరే, గుళ్ళో పూజ చేయించిన బండి, నా చెయ్యి పడ్డ బండి. నువ్వు టెస్ట్ డ్రైవని తిరిగిచ్చేస్తే పరాయివాళ్ళ పాలు కానిస్తామా? మావాడు కొనేస్తున్నాడు. నువ్వేం బెంగపెట్టుకోకు."

"లేదండీ, నేనే కొందామని..."

కానీ అనూప్ అప్పటికే తన ఎస్‌యూవీ తాళాలు గ్రెగ్ చేతిలో పెట్టేశాడు.

"నిన్న ఫ్లైట్ ఫోర్ అవర్స్ లేట్ అంకుల్," అన్నాడు నీరసంగా. "సూట్‌కేస్ వీల్ నా కాలు మీద నుంచి వెళ్ళింది. అందులో రోలు ఉంది అంకుల్. రోలు!" తర్వాత కుంటుకుంటూ వెళ్ళి, కూపే ముందు సీటు మడిచి, వెనక సీట్లోకి దూరాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. అతని మొహం మెల్లగా వెలిగింది. ఆ వెలుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో వీరభద్రానికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇంకో కూపే ఉందా అని అడిగాడు. గ్రెగ్ తల అడ్డంగా ఊపాడు. గుళ్ళో చూసినవాళ్ళు పొద్దున్నుంచీ ఫోన్లు చేసి రాబోయేవి కూడా బుక్ చేసేసుకున్నారట, ఇప్పట్లో లేనట్టే. సెడాన్ అయితే ఈ క్షణమే ఇస్తానని డిక్కీ తెరవబోయాడు. వీరభద్రం వద్దని చెయ్యి ఊపి, తన సూట్‌కేసు తీసుకుని, వ్యాన్ ఎక్కాడు. లోపల ఆవకాయ వాసన గుప్పుమంది.

వ్యాన్ అమ్మి ఏదో ఒక చిన్న బండి కొనేద్దామని ఇంట్లో ఒకసారి అని చూశాడు. నాగమల్లేశ్వరి ఒప్పుకోలేదు. అందరూ రెండు తలుపుల బళ్ళు కొంటుంటే, మనది కూడా అమ్మేస్తే వచ్చేవాళ్ళ గతేమిటి, ఎంత మాట వస్తుంది అంది. ఆ తర్వాతి శనివారం అతను ఉప్మా తింటుండగా అనూప్ ఫోన్ చేశాడు.

"అంకుల్, అమ్మ ఫ్రెండ్స్ రేపు ఇండియా నుంచి వస్తున్నారు. నేనే వెళ్ళేవాణ్ణి. కానీ అయ్యో, మాది రెండు తలుపుల బండండీ, సామాను పట్టదు."

ఒక్క అక్షరం పొల్లుపోలేదు. బాగా అభ్యాసం చేసినట్టున్నాడు.

"ఎన్నింటికి ఫ్లైటు?" అన్నాడు వీరభద్రం.