ఎత్తిన బానెట్

శనివారం ఉదయం తొమ్మిదీ పదికి ఒస్వాల్దో తన 1953 నాటి షెవర్లే బానెట్ ఎత్తాడు. కారుకు ఏమీ కాలేదు. కూతురి పెళ్లి కోసం కారుకు కట్టాల్సిన తెల్ల రిబ్బను తడిసింది. దాన్ని వేడి ఇంజిన్ మీద ఆరేశాడు. పెళ్లి పదిన్నరకు, రిజిస్టరు పెళ్లిళ్లు చేసే ప్రభుత్వ వివాహ భవనంలో. పేర్లు పిలిచినప్పుడు లేకపోతే మళ్లీ వంతు మూడు వారాల తర్వాతే.

హవానాలో ఎత్తిన బానెట్‌ను దాటుకుని ఏ మగవాడూ వెళ్లడు. ముందుగా పొరుగింటి ఎరిబెర్తో వచ్చాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు.

"ఏమైందిరా?"

"ఏం కాలేదన్నా. రిబ్బను ఆరబెడుతున్నా."

"పెళ్లి రోజు పరువు పోతుందని దాస్తున్నావ్. నా దగ్గర కూడానా?"

తొమ్మిదిన్నరకు పదకొండు మంది పోగయ్యారు. టాక్సీ నడిపే ఫ్లోరెన్సియో తన బండి ఇంజిన్ ఆపకుండానే దిగి వచ్చాడు. ఆపితే మళ్లీ నలుగురు తోయాలి.

"ఇది షెవర్లే ఇంజిన్ కాదే!"

"ట్రాక్టరుది. గేర్‌బాక్సు జీపుది," అన్నాడు ఒస్వాల్దో.

"మరి షెవర్లేది ఏం మిగిలింది?"

"హారను."

"అది మా బావమరిది మోటారు సైకిలుది కదరా!"

ఎరిబెర్తో డీజిల్ పైపు ఊడదీశాడు. ఇంకొకాయన ఫ్యాన్ బెల్టు విప్పాడు. ఒస్వాల్దో తాళం తిప్పాడు. ఇంజిన్ అందుకోలేదు.

"చూశారా! ఏం కాలేదన్నాడు!" అన్నాడు ఎరిబెర్తో.

నిన్నటి నుంచి ఏదో చప్పుడు వస్తోందని ఇప్పుడు ఒస్వాల్దోకు కూడా అనిపించసాగింది.

తొమ్మిదీ యాభైకి పెళ్లికూతురు యామిలే కిందికి దిగింది.

"నాన్నా, ఏంటిది?"

"చిన్న రిపేరమ్మా."

"పొద్దున బాగానే ఉందిగా?"

"నేనూ అదే అనుకున్నా."

యామిలే వీధి అటూ ఇటూ చూసింది. గౌను కుచ్చిళ్లు పట్టుకుని, నడుస్తున్న ఇంజిన్‌తో ఉన్న టాక్సీ ఎక్కి తానే నడుపుకుంటూ వెళ్లిపోయింది.

"నా బండి!" అని అరిచాడు ఫ్లోరెన్సియో. "దాని ఇంజిన్ ఆపాలంటే బానెట్ ఎత్తి తీగ లాగాలి! ఆ పిల్లకి ఎవరైనా చెప్పండయ్యా!"

షెవర్లేలో లోపమేమీ లేదు కాబట్టి పన్నెండు నిమిషాల్లో అన్నీ బిగించారు. రిబ్బను ఎరిబెర్తో చేతిలో దొరికింది. దానితో ఆయన ఆయిల్ తుడుస్తున్నాడు.

పదీ ఇరవై ఎనిమిదికి ఒస్వాల్దో, ఎరిబెర్తో, ఫ్లోరెన్సియో వివాహ భవనం ముందు దిగారు. టాక్సీ మెట్ల పక్కనే ఉంది. ఎలా ఆపాలో తెలియక యామిలే బానెట్ ఎత్తి చూసి, అలాగే వదిలేసి లోపలికి వెళ్లింది. దాని చుట్టూ తొమ్మిది మంది ఉన్నారు.

పదిన్నరకు అధికారిణి పేర్లు పిలిచింది. వధువు ఉంది. తండ్రి ఉన్నాడు. వరుడు యోయెల్ తెల్ల సూటులో, నడుము దాకా టాక్సీ బానెట్ కింద ఉన్నాడు.